ఆకు పదునుకొచ్చే దాకా

ఆ వేసవిలో మా ఇంట్లో ఆకు కంటే ముందు నా పాలు ఎండిపోయాయి.

జూన్ నెల. పొగాకు రెండో రెలుపు, అంటే ఆకు కోతలో రెండో విడత. తెల్లవారకముందే, మంచు తడి ఆరకముందే మడిలో దిగి, మొక్క అడుగున ఉన్న ఆకులు మూడేసి చొప్పున తుంచి చంకలో దొంతి పెట్టుకుంటూ పోయేవాళ్లం. ఎండెక్కేసరికి వేళ్ల మీద జిగురు నల్లగా పేరుకుపోయి, చేతులు తారులో ముంచి తీసినట్టుండేవి. తొమ్మిది నెలల నా కూతురు రైహాన్ గట్టు మీద మల్బరీ చెట్టు నీడలో చెక్క ఊయలలో ఉండేది. అది ఏడిస్తే పరుగెత్తుకెళ్లి, మట్టితో చేతులు తోముకుని పాలిచ్చేదాన్ని. ఆ వారం పిల్ల రొమ్ము నోట పెట్టుకోగానే మొహం చిట్లించి తిప్పేసుకోవడం మొదలుపెట్టింది. బలవంతాన తాగిన రెండు గుక్కలూ కక్కేసింది.

మా అత్త తుర్సునాయ్ కొడవలి పక్కన పెట్టి వచ్చింది. నా చెయ్యి తీసుకుని వాసన చూసింది. తర్వాత మెడ దగ్గర వాసన చూసింది.

"ఆకు నీ ఒంట్లోకి దిగిందమ్మాయ్. పాలు చేదెక్కాయి. ఎర్గష్ చంటివాడుగా ఉన్నప్పుడు నాకూ ఇట్టాగే అయింది."

"అప్పుడేం చేశారత్తయ్యా?"

"ఏం చేస్తాను! మా అక్క దగ్గర పెట్టాను. ఆకు ఇంట్లోంచి వెళ్లేదాకా దాని దగ్గరే ఉన్నాడు మీ ఆయన. చూస్తున్నావుగా, ఈ రోజుకీ నా మాట చెవిన పెట్టడు. ఆ పెద్దమ్మ దగ్గితే మాత్రం పరుగెడతాడు."

నాకు నవ్వు రాలేదు.

"సనోబర్ దగ్గర పెడదాం. మన ఇళ్లల్లో ఆకు ముట్టని చేతులు దానివొక్కటే. ఆఖరి బేలు కుట్టిన రోజు తెచ్చుకుందువు" అంది అత్త.

సనోబర్ మా ఆయన అక్క. మా ఊరి నుంచి కొండ ఎక్కితే గంట నడకలో ఉంటుంది వాళ్ల పైఊరు. భర్త గొర్రెలు తోలుకుని వేసవంతా ఎత్తు మీద పచ్చికల్లోనే ఉంటాడు. ఇంట్లో ఒక ఆవు, ఒక గాడిద, రెండు మేకలు, వదిన. పెళ్లయి పద్నాలుగేళ్లు. పిల్లల్లేరు.

నేను పనికి వెళ్లకుండా పిల్లని చూసుకుంటానని అనడానికి లేదు. మడి మా ముగ్గురి చేతుల లెక్కన మాకు రాసిచ్చారు, ఆకు ఎవరి కోసమూ ఆగదు. ముదిరితే మాడుతుంది. ఆ సాయంత్రమే గాడిద మీద పిల్లనీ, దాని గుడ్డలనీ ఎక్కించారు. అత్త ఊయల కూడా కట్టించింది. ఒక్క పంటకాలానికి ఊయలెందుకని నాకనిపించింది. అడగలేదు. నాకు చిన్నప్పటి నుంచీ భయమెక్కువ. భయమున్నవాళ్లు ప్రశ్నలడగరు, జవాబులు ఊహించుకుంటూ కూర్చుంటారు.

ఎవరైనా వెళ్లిపోతుంటే నేను గుమ్మంలో నిలబడలేను. లోపలికెళ్లి ఏదో ఒక పని పెట్టుకుంటాను. ఆ రోజు గాడిద గిట్టల చప్పుడు కొండ మలుపు తిరిగేదాకా ఒకే గిన్నె తోముతూ ఉండిపోయాను.

*

పొద్దున రెలిచిన ఆకు మధ్యాహ్నానికి గుచ్చెయ్యాలి. చెట్ల కింద తుంగ చాప పరుచుకుని, జానెడు పొడుగు బల్లపరుపు సూదితో ఆకు ఈనెల్లోంచి దారం లాగుతూ కూర్చునేవాళ్లం. పక్కింటి ఖుమ్రీ తన ఆకు బుట్ట తెచ్చుకుని మా చాప మీదే చేరేది. ఆమె సూది కంటే నోరు చురుగ్గా నడిచేది. గుచ్చిన తోరణాలను ఎండలో చట్రాలకు కట్టేవాళ్లం. ఆకుపచ్చ పోయి పసుపు, పసుపు పోయి తేనెరంగు. అట్లా మూడు వారాలు మాగిన తోరణాలు కొట్టంలో చూరు కింద వేలాడదీసేవాళ్లం. ఆలోగా కింది ఆకులైపోయి నడిమి ఆకులు, నడిమివైపోయి తల ఆకులు. తల ఆకుల జిగురు అన్నిటికంటే మొండిది.

శుక్రవారం పూట మాత్రం నన్ను పైఊరికి వెళ్లనిచ్చేది అత్త. ఆ జిగురు సబ్బుకి లొంగదు. పచ్చి టమాటా కాయని కోసి రుద్దాలి. మొదట ఆకుపచ్చ నురగ వస్తుంది, తర్వాత పసుపు, అప్పుడు చర్మం కనబడుతుంది. నేను ఒక్కో శుక్రవారం ఏడెనిమిది కాయలు రుద్దేదాన్ని. గోళ్ల కింద పుల్లతో గీకేదాన్ని. తల స్నానం చేసి, పెట్టెలో దాచిన పెళ్లినాటి గౌను వేసుకుని కొండెక్కేదాన్ని.

"రావమ్మా, పొగాకు మహారాణీ!" అనేది సనోబర్ వదిన దూరం నుంచే. ఆమె భారీ మనిషి. నవ్వితే అరుగు కూడా నవ్వినట్టుండేది. "మీ అమ్మొచ్చింది చూడవే రైహానూ. ఏం తెచ్చిందో అడుగు. బెల్లం తెచ్చిందా, ఉత్త చేతులేనా?"

పిల్ల బొద్దుగా అయింది. ఆవుపాలు వంటబట్టాయి. వదిన ఒళ్లో కూర్చుని నన్ను ఎవరో చుట్టాన్ని చూసినట్టు చూసేది. నిద్రొస్తే వదిన ఎడమ చేతి చిటికెన వేలు పట్టుకుని నోట్లో పెట్టుకునేది. అది చప్పరిస్తూనే పడుకునేది.

"నా వేలు తినేస్తోంది హాసియత్! అరిగిపోయిందంటే మీ అన్నయ్య ఊరుకుంటాడా? పెళ్లిలో నాకు ఇరవై వేళ్లూ ఉన్నాయో లేదో లెక్క చూసుకున్న మనిషి."

ఒక శుక్రవారం నేను ధైర్యం చేసి నా వేలిచ్చాను. పిల్ల రెండుసార్లు చప్పరించింది. తర్వాత నాలుక బయటపెట్టి, మొహం ముడుచుకుని, వదిన చేతి కోసం వెతుక్కుంది. వదినకి నవ్వొచ్చింది. నా మొహం చూసి ఆ నవ్వు మింగేసింది.

"ఇంకెంత, రెండు మూడు నెలలు. ఆకు పోయాక నీ వేలు నీదే, దాని నోరు దానిదే. టీ తాగు, చల్లారిపోతోంది."

ఆమె పిల్లని పెంచిన తీరులో నేను తప్పు పట్టడానికి వెతికిన మాట నిజం. ఒక్కటీ దొరకలేదు. రోజుకి ఎన్నిసార్లు చేతులు కడుక్కునేదో. చుట్ట తాగే ముసలాళ్లు వస్తే గేటు బయటే నిలబెట్టి మాట్లాడేది. నేను వేసుకొచ్చిన గౌను మీద ఒక ఎండాకు ముక్క కనబడితే, ఊదకుండా, వేళ్లతో తియ్యకుండా, పుల్లతో తీసి పొయ్యిలో వేసేది. కొండ దిగుతూ నేను ఆ చేతుల గురించే ఆలోచించేదాన్ని.

*

ఆ ఏడు శరత్కాలంలో చినుకు లేదు. మంచు లేదు. ఆకాశం అద్దంలా ఉండిపోయింది.

పొగాకు ఎండటంతో పని అయిపోదు. ఎండిన ఆకుని ఎండినట్టే దించితే చేతిలో పొడైపోతుంది. అక్టోబరు చివర్లో కొండల మీంచి పొగమంచు దిగి కొట్టం సందుల్లోంచి లోపలికి రావాలి. ఒక రాత్రి, ఒక పొద్దు ఆకుని తాకాలి. అప్పుడు ఆకు మెత్తబడి పదునుకొస్తుంది. అప్పుడే దించాలి, అప్పుడే రకాలు ఏరాలి, అప్పుడే బేళ్లు కట్టాలి. అత్త రోజూ పొద్దున్నే కొట్టంలోకి వెళ్లి ఒక ఆకు పిడికిట్లో బిగించేది. కరకరమని చప్పుడొచ్చేది.

"ఇంకా లేదు" అని బయటికొచ్చేది.

నవంబరు వచ్చింది. ఇంకా లేదు.

ఒక మధ్యాహ్నం ఖుమ్రీ వాకిట్లోకి ఉప్పు కోసం వచ్చి, ఉప్పు మర్చిపోయి కూర్చుంది.

"మీ పిల్ల నడుస్తోందటగా! మా ఆయన పైఊళ్లో చూశాడు. సనోబర్ గుమ్మంలో చేతులు చాపి కూర్చుంటే, 'అమ్మా' అంటూ మూడడుగులు వేసిందట."

"ఎవరినంది?"

"ఎవరినంటుంది? ఎదురుగా ఉన్నదాన్ని. చంటిదానికేం తెలుసు!" ఖుమ్రీ గొంతు తగ్గించింది. "ఊయల గాడిదెక్కిన రోజే అనుకున్నాన్లే నేను. మీ అత్త సామాన్యురాలు కాదు. కొడుక్కి ఇంకొకటి పుడుతుంది. కూతురికి ఎక్కడి నుంచొస్తుంది?"

మాలో అది తప్పేమీ కాదు. పిల్లల్లేని అక్కకో అన్నకో ఒక బిడ్డని ఇచ్చిన ఇళ్లు మా వీధిలోనే నాలుగున్నాయి. అడిగితే కాదనడానికి నోరు రాదు. అందుకే ఎవరూ నోరు తెరిచి అడగరు. పిల్ల అలవాటయ్యేదాకా ఆగుతారంతే. ఖుమ్రీ వెళ్లాక లెక్కవేసుకున్నాను. పిల్ల నా దగ్గర తొమ్మిది నెలలు, అక్కడ ఐదు. మంచు ఇంకో నాలుగు నెలలు దిగకపోతే?

మా కొట్టం గోడలకి పిచ్చుకలు రాకుండా పాత కాగితాలు అతికించి ఉండేవి. నన్ను నాలుగో తరగతిలో బడి మాన్పించారు. ఆ తర్వాతి నా చదువంతా ఆ గోడల మీదే. తోరణాలు కడుతూ సగం వార్తలు, ఎవరో రాసిన ఉత్తరాల్లో సగాలు, మందుల వాడకం, రైలు వేళలు అన్నీ చదివేదాన్ని. మూడో వాసం వెనక ఏదో వ్యవసాయ పుస్తకంలోంచి చింపిన పేజీ ఒకటి ఉంది. దాన్ని ఎన్నోసార్లు చూశాను. ఆ రోజు మళ్లీ చూశాను. 'గాలి పొడిగా ఉండే ప్రాంతాల్లో ఎండిన పొగాకు మీద నీరు చిలకరించి మెత్తబరచవచ్చు. అయితే' అని ఉంది. అక్కడికి కాగితం చిరిగిపోయింది.

అచ్చులో ఉన్నమాట అబద్ధం కాదని ఆ రోజుల్లో నా నమ్మకం.

అత్త చుట్టాలింట్లో చావుకని మూడు రోజులు వెళ్లింది. నేను బిందె నింపుకుని, తందూరులో పెట్టే ముందు రొట్టెల మీద నీళ్లు చల్లే చిన్న చీపురుకట్ట తీసుకుని కొట్టంలోకి వెళ్లాను. వరస తర్వాత వరస చల్లాను. సాయంత్రానికి ఆకు కొత్త బట్టలా మెత్తగా వేలాడింది. నా ఆనందం చెప్పలేను.

"వాగు వైపు నుంచి కాస్త మంచు ఎక్కిందండీ. ఆకు పదునుకొచ్చింది" అన్నాను మా ఆయనతో.

ఎర్గష్‌కి ఆకు గురించి తెలిసినదల్లా బరువు. "అమ్మ లేకుండానా?" అన్నాడు గాని, బేళ్లు తొక్కే చెక్కపెట్టె బయటికి లాగాడు. ఆకు దించి, పేర్చి, పెట్టెలో తొక్కి, గోనె చుట్టి రెండు రోజుల్లో తొమ్మిది బేళ్లు కుట్టాం. చివరి ముడి నేనే వేశాను. నోటితో దారం కొరికాను.

అత్త తిరిగొచ్చి బేళ్ల వైపు చూసింది. ఆకాశం వైపు చూసింది.

"మంచు దిగిందా?"

"వాగు వైపు నుంచి..."

"ఊఁ" అంది. "రేపు ఎర్గష్ వెళ్లి పిల్లని తెస్తాడులే."

*

మర్నాడు మధ్యాహ్నం ఎర్గష్ ఒక్కడే కొండ దిగొచ్చాడు. గాడిద ఉత్త వీపుతో వచ్చింది. నేను వాకిట్లో కొత్త పరుపు ఆరబెట్టి ఉన్నాను.

"వదల్లేదే" అన్నాడు చెప్పులు విప్పకుండానే. "నన్ను చూడగానే అక్క మెడ పట్టుకుంది. ఎత్తుకోబోతే ఊపిరి బిగబట్టి నీలంగా అయిపోయింది. నాకు భయమేసింది."

"వదినేమంది?"

"ఏమీ అనలేదు. దాన్ని ఊరుకోబెడుతూ గోడ వైపు తిరిగింది. నేనే వచ్చేశాను."

నాలుగు రోజులు గడిచాయి. శుక్రవారం నేనే వెళ్లి ఏదైతే అదైందని ఎత్తుకొచ్చేద్దామని అనుకుంటూ ఉన్నాను. గురువారం పొద్దున్నే అత్త కొట్టంలోంచి పిలిచింది.

"అమ్మాయ్, ఇటు రా. దీన్లో చెయ్యి పెట్టు."

బేలు కుట్ల మధ్య ఆవిడ వేలితో సందు చేసి పెట్టింది. నేను చెయ్యి దూర్చాను. లోపల వేడి. జ్వరమొచ్చిన పిల్ల చంకలో చెయ్యి పెట్టినట్టుంది. బయటికి తీసిన చేతికి ముక్కవాసన.

"రెండోది కూడా అంతే. మూడోది బూజు మొదలైంది" అంది అత్త. బేలు మీద కూర్చుంది. "ఈ నీళ్లు పైనుంచి రాలేదు. నాకు అరవయ్యేళ్లు. పైనుంచి వచ్చిన తడికి ఆకు ఇట్టా కాగదు."

గోడ మీద ఆ పేజీ చూపించాను. ఆవిడకి చదువు రాదు.

"చదువు."

చదివాను.

"తర్వాత?"

"తర్వాత చిరిగిపోయిందత్తయ్యా."

"మరి చిరిగిన చోట ఆగాలి కదమ్మా!"

కోపంగా అనలేదు. అదే నాకు ఎక్కువ తగిలింది. నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆవిడ ఆగమనలేదు. ఏడుపు దానంతటది తగ్గాక అడిగింది.

"పిల్లని సనోబర్‌కి ఇచ్చేస్తాననుకున్నావా?"

నేను తలూపాను.

"ఇవ్వాలనే అనుకున్నాను" అంది అత్త. "ఊయల పంపినప్పుడు అనుకున్నాను. ద్రాక్షలు కోసేదాకా అనుకుంటూనే ఉన్నాను. అబద్ధమెందుకు చెప్పాలి. ఆ తర్వాత మానేశాను."

"ఎందుకు?"

"ప్రతి శుక్రవారం వాకిట్లో పంపు దగ్గర చేతులు రుద్దుకునేదానివి. తోలూడేటట్టు. కిటికీలోంచి కనపడేది."

పిచ్చుకలు ఎట్లా దూరాయో, చూరు మీద కొట్లాడుకుంటున్నాయి.

"కానీ ఒక మాట. దాని ఒళ్లోంచి పిల్లని లాగడం నా వల్ల కాదు. ఎర్గష్ వల్లా కాలేదు. నీవల్ల అయినా అది లాగడమే అవుతుంది. దింపితే అదే దింపాలి."

"దింపకపోతే?"

అత్త లేచి మొదటి బేలు కుట్లు కొయ్యడం మొదలుపెట్టింది. "ముందు దీన్ని ఆరబెడదాం పట్టు" అంది.

తొమ్మిది బేళ్లూ విప్పాం. కాగిన ఆకు వేరు చేసి, కుళ్లింది తీసి పారేసి, మిగిలింది మళ్లీ కట్టలు కట్టి చూరుకి వేలాడదీశాం. ఇప్పుడు ఆఖరి బేలు కాదు కదా, మొదటి బేలు కూడా లేదు. అంతా నా చేతులతోనే చేసుకున్నాను.

*

శుక్రవారం కొండెక్కేసరికి వదినకి సంగతి ముందే చేరింది.

"నువ్వే తడిపావటగా?"

"అవును వదినా."

"కాగితం చూసి?"

"అవును."

సనోబర్ వదిన నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "అబ్బా, నాలుగో తరగతి! ఐదు చదివుంటే కొట్టమే తగలబెట్టేదానివి!" ఒళ్లో పిల్ల కూడా ఎందుకో తెలియకుండా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

పిల్లకి నిద్రొస్తోంది. చిటికెన వేలు వెతుక్కుని నోట్లో పెట్టుకుంది. వదిన దాని నుదుటి మీద వెంట్రుకలు సర్దుతూ, నా వైపు చూడకుండా అంది.

"ఎవరూ రావద్దు హాసియత్. ఎర్గష్‌నీ పంపొద్దు. మంచు దిగితే మీకంటే ముందు నాకు తెలుస్తుంది. పైన ఉన్నదాన్ని కదా, నా ఇల్లు దాటుకునే కిందికొస్తుంది."

అంతే అంది. తెస్తాననీ అనలేదు, తేననీ అనలేదు.

ఆ తర్వాతి రోజుల్లో నేను లేవగానే కొట్టం వైపు కాదు, కొండ వైపు చూసేదాన్ని. పైఊరి చివర వాల్‌నట్ చెట్లు కనపడితే మంచు లేనట్టు. మంచు రావాలని కోరుకునేదాన్ని. వచ్చాక ఆమె రాకపోతే ఏమవుతుందోనని, మంచు రాకుంటేనే బాగుండుననీ అనుకునేదాన్ని. పదహారు రోజులు చెట్లు కనపడ్డాయి.

పదిహేడో రోజు కనపడలేదు.

కొట్టంలోకి వెళ్లేసరికి అత్త అప్పటికే అక్కడుంది. ఆకు పిడికిట్లో బిగించింది. చప్పుడు లేదు. పిడికిలి విప్పితే ఆకు మెల్లగా, నిద్రలోంచి లేచినట్టు, తనంతట తను విచ్చుకుంది.

"ఇదీ పదునంటే" అంది. "నువ్వు ఈ రోజు ఆకు ముట్టొద్దు. పో, చేతులు కడుక్కో."

ఖుమ్రీ వచ్చింది కుట్టడానికి. ఎర్గష్ తొక్కాడు. నేను అరుగు మీద నూనె దీపంలా కదలకుండా కూర్చున్నాను. రెలుపులు అయిపోయి మూడు నెలలైంది. నా చేతులు మళ్లీ మనిషి చేతుల్లాగే ఉన్నాయి. పాలు మాత్రం లేవు. పిల్లకివ్వడానికి నా దగ్గర ఏముందా అని చూసుకున్నాను. ఏమీ లేదు, నేను తప్ప.

మధ్యాహ్నమైంది. నాలుగు బేళ్లు, ఐదు, ఆరు. పోయింది పోగా ఏడే వచ్చాయి. మంచు వాకిట్లోకి కూడా దిగింది. ఎదుటి గోడ కనపడటం లేదు. ఏడో బేలు కుట్టు చివరికొచ్చేసరికి అత్త సూది ఆపింది.

"దారమైపోయింది" అంది.

"ఒళ్లో ఉన్నదేంటి పిన్నీ, పామా?" అంది ఖుమ్రీ.

"అది మంచిది కాదు. ముక్కిపోయింది."

అత్త చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎర్గష్ ఏదో అనబోయి, తల్లి మొహం చూసి మానేశాడు. నలుగురం ఏ పనీ లేనట్టు కూర్చున్నాం. ఎంతసేపో.

గాడిద గిట్టల చప్పుడు వినపడింది.

మంచులోంచి ముందు ఊయల కనపడింది, గాడిద వీపు మీద నిలువుగా కట్టి ఉంది. తర్వాత వదిన. పిల్ల ఆమె చంకలో, శాలువాలో చుట్టి ఉంది. వదిన గేటు దాటి లోపలికొచ్చింది. అరుగు మీద, నా పక్కన కాదు, ఎదురుగా కూర్చుంది. దారిలో పిల్ల నిద్రకి తూగుతూ వచ్చినట్టుంది, చిరాగ్గా ఉంది. కళ్లు నలుపుకుంటూ వదిన ఎడమ చెయ్యి వెతికి పట్టుకుంది. చిటికెన వేలు నోట్లో పెట్టుకుంది.

వెంటనే తీసేసింది. నాలుక బయటపెట్టింది. మొహమంతా ముడుచుకుపోయింది.

వదిన తన కొంగుతో పిల్ల నాలుక తుడిచింది. పిల్ల వేలు వైపు చూసింది. వదిన మొహం వైపు చూసింది. మళ్లీ పెట్టుకోబోయి, వాసన తగిలి, తల వెనక్కి లాక్కుని ఏడుపు అందుకుంది. అది మోసపోయినవాళ్ల ఏడుపు. వదిన దాన్ని ఎత్తుకోలేదు. అరుగు మీద పరుపు మధ్యలో దింపి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"హాసియత్" అంది మెల్లగా. "చెయ్యి చాపు."

చాపాను. పిల్ల నిలబడింది. ఇటు చూసింది, అటు చూసింది. ఏడుస్తూనే రెండడుగులు వేసి నా వేళ్లు పట్టుకుంది. నా చిటికెన వేలు నోటి దగ్గర పెట్టుకుని, కాసేపు అనుమానంగా ఆగి, లోపల పెట్టుకుంది. చప్పరించింది. ఇంకా వెక్కిళ్లు ఆగలేదు. నా ఒళ్లో దాని బరువు నేను మర్చిపోయినదానికంటే రెట్టింపు ఉంది.

"చూశారా!" అంది ఖుమ్రీ చేతులు తట్టి. "కన్నతల్లిని గుర్తుపట్టేసింది! ఎన్నాళ్లయితేనేం!"

వదిన చేతులు వెనక నుంచి తియ్యలేదు.

వదిన పిల్లని దింపినప్పుడు నేను ఆమె చెయ్యి చూశాను. ఐదు నెలలు ఒక్క ఎండాకు ముక్కని కూడా వేళ్లతో ముట్టని మనిషి. ఆ చిటికెన వేలు రెండో కణుపు దాకా నల్లగా, జిగురుగా ఉంది. మా ఊళ్లోకి వచ్చే దారి మా మడి పక్కనుంచే. ఆకు రెలిచేసిన మోళ్ల మీద ఇంకా పచ్చి పిలకలు నిలబడి ఉన్నాయి. అత్త కూడా చూసింది. చూసి, సూదిలోకి దారమెక్కించి, ఆ మిగిలిన నాలుగు కుట్లు కుట్టింది. దారం అదే దారం.

ఖుమ్రీ అన్నమాటే ఊళ్లో నిలిచిపోయింది. రైహాన్ కూడా అదే నమ్ముతుంది. చిన్నప్పుడు చెప్పమని అడిగి అడిగి చెప్పించుకునేది, అమ్మని ఎట్లా గుర్తుపట్టానో చెప్పమని. నేను ఖుమ్రీ చెప్పినట్టే చెప్పేదాన్ని. అలా చెప్పమన్నది సనోబర్ వదినే.

ఆ రోజు ఆమె భోజనానికి ఆగలేదు. ఆవుకి పాలు పిండాలంది. ఊయల దించి, గాడిద తాడు విప్పుకుంది. పిల్ల నా భుజం మీద నిద్రపోయింది. నేను ఎత్తుకునే వంటింట్లోకి వెళ్లి, ఊరగాయకని గడ్డిలో దాచిన పచ్చి టమాటాల్లోంచి ఒకటి తీసి, ఒంటి చేత్తో రెండు ముక్కలు చేసి ఆమెకి తెచ్చిచ్చాను.

"రుద్దుకో వదినా. మొండి జిగురు. నీళ్లకి పోదు."

"తెలుసులే" అంది. కాయ తీసుకుంది. పిల్ల వీపు మీద కుడి చేత్తో ఒకసారి నిమిరింది.

ఆ ఒక్కసారి నేను లోపలికెళ్లలేదు. గుమ్మంలోనే నిలబడ్డాను. మంచులో ఆమె మసగ్గా అయ్యేదాకా చూశాను. ఒక చేతిలో గాడిద తాడు, ఇంకో చేతిలో ఆ కాయ ముక్కలు. కనపడినంతసేపూ అట్లా పట్టుకునే వెళ్లింది. రుద్దుకోలేదు.